పాత ఎలక్ట్రిక్ గిటార్ బాడీకి ఇంట్లోనే, తక్కువ ఖర్చుతో కొత్త పూత: సమగ్ర మార్గదర్శి

పాత ఎలక్ట్రిక్ గిటార్‌కు కొత్త రంగు వేయాలనుకునేవారు సాధారణంగా మొదట పెట్టుకునే పని, ఉన్న రంగునంతా చెక్క బయటపడేదాకా గీకేయడం. మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువ శ్రమ, దుమ్ము, ప్రమాదం ఉన్న ఘట్టం అదే. చాలా గిటార్ల విషయంలో అది అవసరం కూడా లేదు. ఫ్యాక్టరీలో వేసిన పాత పూత చెక్కను గట్టిగా పట్టుకుని ఉన్నంతకాలం, కొత్త రంగుకు దానికి మించిన పునాదిని ఇంట్లో వేయడం కష్టం. చెక్క చారలు కనిపించే పారదర్శకమైన పూత కావాలంటే తప్ప, పాత పూతను అలాగే ఉంచి, దాన్ని గరుకు చేసి, దాని మీదే రంగు వేయడం తక్కువ ఖర్చులో మంచి ఫలితమిచ్చే పద్ధతి. ఈ మార్గదర్శి ప్రధానంగా ఆ పద్ధతినే వివరిస్తుంది. చెక్క దాకా వెళ్లక తప్పనివారి కోసం ఆ దారిని కూడా విడిగా చెబుతుంది.

ఈ పనికి తగిన గిటార్ ఏది?

పేరున్న తయారీదారు దశాబ్దాల క్రితం చేసిన గిటార్ మీ చేతిలో ఉండి, దాని మీద అసలు పూతే మిగిలి ఉంటే, అది ఎంత అరిగినా, ఎన్నిచోట్ల పెచ్చులూడినా దాన్ని ముట్టుకోకండి. పాత గిటార్లు సేకరించేవారు విలువ కట్టేది ఆ అసలు పూతకే. కొత్త రంగు ఎంత అందంగా కుదిరినా గిటార్ ధర బాగా పడిపోతుంది, ఆ తర్వాత దాన్ని సరిదిద్దే మార్గం ఉండదు. పెద్దగా అమ్మకపు విలువ లేనిది, లేదా ఇదివరకే ఎవరో రంగు మార్చినది, నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి మెడ భాగం) తిన్నగా ఉండి వాయించడానికి బాగున్నా ఒళ్లంతా గీతలుపడినది ఈ పనికి సరైన గిటార్. నెక్ మెలితిరిగి, ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు పట్టీలు) అరిగిపోయిన వాద్యానికి వారాల తరబడి రంగు వేయడంలో అర్థం లేదు కాబట్టి, విడదీసే ముందే ఒకసారి తీగలు శ్రుతి చేసి, ప్రతి ఫ్రెట్ దగ్గరా వాయించి చూడండి.

కొత్త పూత వల్ల శబ్దం మెరుగుపడుతుందని కొందరు, పాడవుతుందని కొందరు వాదిస్తారు. లోపల బోలు లేని, అంటే సాలిడ్ బాడీ గిటార్‌లో పికప్ గ్రహించేది అయస్కాంత క్షేత్రంలో ఉక్కు తీగ కదలికను. ఆ శబ్దంలో రంగు పొర మందం వాటా ఏదైనా ఉంటే, అది కొత్త తీగలు వేసినప్పుడు వచ్చే తేడాలో కూడా కలిసిపోయేంత చిన్నది. కాబట్టి కంటికి, చేతికి నచ్చేదాన్ని నిశ్చింతగా ఎంచుకోవచ్చు.

పాత పూత ఏ రకానిదో గుర్తించడం

గిటార్ల మీద ప్రధానంగా కనిపించేవి నైట్రోసెల్యులోజ్ లక్కర్, అక్రిలిక్ లక్కర్, పాలియురెథేన్, పాలియెస్టర్. 1950ల్లో, 1960ల్లో ఫెండర్ కంపెనీ తన ప్రత్యేక రంగుల కోసం కార్లకు వాడే డ్యూపాంట్ వారి డ్యూకో, లూసైట్ రంగులనే గిటార్ల మీద వేసింది. డ్యూకో నైట్రోసెల్యులోజ్ రకం, లూసైట్ అక్రిలిక్ రకం. కార్ల రంగు డబ్బాతో గిటార్‌కు రంగు వేయడం చౌకబారు ఉపాయమని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేయవచ్చు. 1960ల చివరికల్లా అదే కంపెనీ మందమైన పాలియెస్టర్ వైపు మళ్లింది. ఇప్పుడు తక్కువ ధర గిటార్లలో అత్యధికం పాలియెస్టర్ లేదా పాలియురెథేన్ పూతతోనే వస్తాయి.

పరీక్ష చాలా సులువు. నెక్ అమరే గుంట అంచునో, వెనక మూత కింద ఎక్కడైనా రంగు పడినచోటనో దూదిపుల్లను అసిటోన్‌లో ముంచి అద్దండి. కొద్ది క్షణాల్లో ఆ చోటు మెత్తబడి, జిగటగా మారి, దూదికి రంగు అంటితే అది లక్కర్. ఏ మార్పూ లేకుండా ఎప్పటిలాగే గట్టిగా ఉంటే పాలియెస్టరో పాలియురెథేనో అయి ఉంటుంది. పెచ్చు ఊడినచోట అంచు గాజుపెంకులా మందంగా, పదునుగా కనిపించడం కూడా పాలియెస్టర్‌కు మంచి గుర్తు. ఈ తేడా ఎందుకు తెలియాలంటే, లక్కర్ మీద ఘాటైన థిన్నర్ ఉన్న కొత్త రంగు పడితే పాత పొర కరిగి ముడతలు పడవచ్చు. గట్టిపడిన పాలియెస్టర్ మాత్రం దాదాపు దేనికీ చలించదు, కాబట్టి అది మన పనికి అనుకూలం.

సామగ్రి, జాగ్రత్తలు

150, 220, 320, 400 నంబర్ల ఉప్పుకాగితం అంటే సాండ్‌పేపర్, తర్వాతి దశకు 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్, కాగితం చుట్టి రుద్దడానికి చదునైన రబ్బరు లేదా బెండు దిమ్మ, మాస్కింగ్ టేపు, జిడ్డు తుడవడానికి నాఫ్తా అనే ద్రావకం, పలచని సూపర్ గ్లూ, కార్లకు వాడే పుట్టీ, రంగుకు ముందు వేసే ప్రైమర్, రంగు, దాని పైన వేసే పారదర్శకమైన క్లియర్ స్ప్రే డబ్బాలు, చివర మెరుగుపెట్టే కాంపౌండ్ ఉంటే చాలు. యంత్రాల కోసం డబ్బు పెట్టనక్కరలేదు. కరెంటుతో నడిచే సాండర్ చదునైన చోట పని తొందరగా చేస్తుంది గానీ, వంపుల దగ్గర, అంచుల దగ్గర అంతే తొందరగా పని చెడగొడుతుంది.

డబ్బు మిగుల్చుకోకూడని చోటు ఒకటుంది, అది మాస్కు. దుమ్ముకు వాడే బట్ట మాస్కు రంగుల ఆవిరిని ఆపదు. బొగ్గు గుళికల కార్ట్రిడ్జి ఉన్న రెస్పిరేటర్, చేతులకు నైట్రైల్ తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. స్ప్రే చేసే చోట గాలి ధారాళంగా ఆడాలి, దగ్గర్లో పొయ్యి, హీటర్, నిప్పురవ్వ లేచే స్విచ్చి ఉండకూడదు. ఎప్పటివో తెలియని పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, అటువంటివాటిని పొడిగా కాక తడిపి రుద్దడం మేలు. గట్టిపడటానికి హార్డెనర్ కలిపే రెండు భాగాల క్లియర్ కోట్లు అద్దంలా వస్తాయనే మాట నిజమే అయినా, చాలావాటిలో ఊపిరితిత్తులకు తీవ్ర హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేని ఇంటి పనివారికి అవి తగినవి కావు.

విడదీయడం

మొదట వైరింగును దగ్గరగా, రెండు మూడు కోణాల్లో ఫొటోలు తీసుకోండి. ఏ వైరు ఏ చెవికి (టంకం పెట్టే చిన్న లోహపు రేకుకు) అతికి ఉందో తెలిసేలా, పొటెన్షియోమీటర్ల (నాబ్‌ల కింద ఉండే భాగాల) వెనక టంకం చుక్కలు కూడా కనిపించేలా ఫొటో ఉండాలి. యాక్టివ్ పికప్‌లైతే బ్యాటరీ తీసేయండి. తీగలను వదులు చేసి తీసి, నెక్ స్క్రూలు విప్పండి. నెక్ కింద గుంటలో పలచని చెక్క ముక్కో అట్టముక్కో ఉంటే అది చెత్త కాదు, నెక్ కోణం సరిచేయడానికి పెట్టినది. దాన్ని, అది ఏ వైపు ఉందో గుర్తుపెట్టుకుని దాచండి. స్క్రూలను ఒకేచోట కలపకుండా, దేని స్క్రూలు దానికి చిన్న సంచుల్లో వేసి పేరు రాయండి.

పికప్‌లన్నీ ముందు పలకకే బిగించిన గిటార్‌లో జాక్ (కేబుల్ గుచ్చే చోటు) వైర్లు, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) నుంచి వచ్చే ఎర్త్ వైరు మాత్రం టంకం విప్పితే మిగతాదంతా పలకతోపాటే పైకి వచ్చేస్తుంది. ఆ ఎర్త్ వైరు కొన్నిటిలో బ్రిడ్జి కిందకు, కొన్నిటిలో స్ప్రింగులు పట్టుకునే కొక్కేనికి, మరికొన్నిటిలో బ్రిడ్జి స్తంభం అమరే లోహపు తొడుగు వెనక్కు పోతుంది. అది ఎక్కడికి పోతుందో ఇప్పుడే చూసుకోండి.

లోహపు తొడుగులు చెక్కలోకి బిగుసుకుని ఉంటాయి. వాటిని బయటకు పెకలించబోతే చుట్టూ రంగు పెచ్చుగా లేస్తుంది. ముందు తొడుగు అంచు చుట్టూ పదునైన బ్లేడుతో గీత గీసి, తొడుగు లోపల అడుగున చిన్న లోహపు ముక్కను వేసి, దాని స్తంభాన్నే మళ్లీ లోపలికి తిప్పండి. స్తంభం అడుగు ముక్కకు తగిలాక ఇంకా తిప్పుతుంటే తొడుగే మెల్లగా పైకి లేస్తుంది.

చివరగా ఒక చెక్క కర్రను నెక్ గుంటలో పెట్టి, పాత నెక్ రంధ్రాల ద్వారానే స్క్రూలతో బిగించి, కర్ర చివర ఒక కొక్కెం తగిలించండి. రంగు వేసేటప్పుడు పట్టుకోవడానికి, ఆరేటప్పుడు వేలాడదీయడానికి ఇదే పిడి. దానికి ముందు నెక్ గుంట అడుగును, గోడలను టేపుతో పూర్తిగా కప్పాలి. అక్కడ కాగితం పెట్టి రుద్దితే నెక్ వదులవుతుంది, రంగు పేరుకుంటే నెక్ పట్టదు. ఏది జరిగినా నెక్ కోణం మారిపోతుంది.

పాత పూతను పునాదిగా సిద్ధం చేయడం

గిటార్ మీద ఏళ్ల తరబడి చేరిన చెమట, నూనె, పాలిష్‌లను ముందు సబ్బునీటి గుడ్డతో, ఆరాక నాఫ్తాతో రెండుసార్లు తుడవండి. ఈ పని కాగితం పట్టకముందే జరగాలి. ఫర్నిచర్ పాలిష్‌లలో ఉండే సిలికాన్ మిగిలిపోతే రుద్దుడు వల్ల గీతల్లోకి దిగబడి, తర్వాత వేసే రంగు ఆ చోట నిలవకుండా గుండ్రని గుంటలుగా విడిపోతుంది. ఒకసారి అలా విడిపోవడం మొదలైతే పైన ఎంత రంగు వేసినా ప్రయోజనం ఉండదు, మళ్లీ మొదటి నుంచీ తుడుచుకుని రావలసిందే.

తర్వాత దెబ్బలు. పెచ్చు ఊడినచోట అంచులను గోటితో నొక్కి చూసి, లేచి ఉన్న భాగాన్ని బ్లేడుతో తీసేయండి. చిన్న పెచ్చులకు పలచని సూపర్ గ్లూను మించినది లేదు. గుంటలో ఒక చుక్క వేసి, సూది మొనతో మూలలకు పాకించి, పూర్తిగా ఆరాక మరో చుక్క వేయండి. ఇలా చుట్టుపక్కల మట్టం కంటే వెంట్రుకవాసి ఎత్తు వచ్చేదాకా నింపాలి. ఒకేసారి గుంట నిండా పోస్తే పైన గట్టిపడి, లోపల పచ్చిగా ఉండి, వారాల తర్వాత కుంగుతుంది. ఇప్పుడు ఒక రేజర్ బ్లేడు తీసుకుని, దాని రెండు చివరలకూ టేపు చుట్టి, మధ్యలో అంగుళం మేర మాత్రం పదును వదలండి. బ్లేడును నిటారుగా పట్టి మీవైపు లాగుతూ గీకితే, టేపు మందం వల్ల బ్లేడు చుట్టూ ఉన్న పూతను తాకదు, ఉబ్బెత్తుగా ఉన్న జిగురు మాత్రమే పొరలు పొరలుగా లేస్తుంది. మిగిలిన ఆ కొద్ది ఎత్తును దిమ్మకు చుట్టిన 400 నంబరు కాగితం సరిచేస్తుంది. నాణెం కంటే పెద్ద గుంటలకు మాత్రం కార్ల పుట్టీ వేయండి. అది త్వరగా ఆరుతుంది, సులువుగా అరుగుతుంది. గోడలకు వాడే నీటి లప్పం ఇక్కడ పనికిరాదు, అది కుంగుతుంది, అంచుల దగ్గర బీటలిస్తుంది.

పూతలో సన్నని బీటలు ఉంటే వాటిని పట్టించుకోకుండా రంగు వేయకండి, కొన్ని నెలల్లో అదే గీత కొత్త రంగులోనూ పైకి తేలుతుంది. బీట వెంట కత్తిమొనతో సన్నని గాడి తీసి, అందులో కూడా సూపర్ గ్లూ నింపాలి. బీటలు బాడీ అంతటా అల్లుకుని, పూత పలకలుగా లేస్తూ ఉంటే ఆ పునాది నమ్మదగినది కాదు, తర్వాతి భాగంలో చెప్పిన దారి పట్టాలి.

ఇప్పుడు బాడీనంతా 320 నంబరు కాగితంతో, దిమ్మ వాడుతూ రుద్దండి. ఉద్దేశం పూతను తీసేయడం కాదు, మెరుపును తీసేయడం. దీపాన్ని పక్క నుంచి ఏటవాలుగా పెట్టి చూస్తే ఇంకా మెరుస్తున్న చోట్లు పల్లాలని అర్థం. మొత్తం ఒకే తీరు మసకగా కనిపించేదాకా రుద్దాలి. నెక్‌కు రెండు పక్కలా పొడుచుకువచ్చిన కొమ్ముల లోపలి వంపుల్లో దిమ్మ పట్టదు కాబట్టి అక్కడ వేళ్లతో, లేదా గరుకు నైలాన్ పీచుతో రుద్దవచ్చు. అంచుల దగ్గర చేయి తేలిక చేయండి. పూత అక్కడే అతి పలచగా ఉంటుంది, రెండు మూడు రుద్దులకే చెక్క బయటపడుతుంది. బయటపడితే కంగారు అక్కరలేదు, ఆ చోట ప్రైమర్‌ను పలచగా రెండు విడతలు వేసి మళ్లీ కలిపేయవచ్చు.

చెక్క దాకా వెళ్లక తప్పనప్పుడు

ముందు పికప్ గుంటల గోడలు చూడండి. అక్కడ చెక్క పొరలు పొరలుగా కనిపిస్తే బాడీ ప్లైవుడ్‌తో చేసినది. దాన్ని గీకి చెక్క అందం చూడాలనుకోవడం వృథా, పైగా వేడికి పొరల మధ్య జిగురు విడవవచ్చు. అటువంటిదానికి ముదురు రంగే సరి. అలాగే తక్కువ ధర గిటార్ల మీద కనిపించే అలల అలల మేపుల్ అందం చాలాసార్లు కాగితం మీద అచ్చు వేసినదో, మిల్లీమీటరు కంటే పలచని పలకో అయి ఉంటుంది. అది గీకుడుకు నిలవదు.

పాలియెస్టర్‌ను రసాయనాలు సరిగా కరిగించలేవు, కాగితంతో రుద్దితే రోజులు పడుతుంది. హీట్ గన్ ఒక్కటే ఆచరణ సాధ్యమైన మార్గం. ఒకచోట వేడిగాలిని నిలపకుండా అటూ ఇటూ కదిలిస్తూ ఉంటే పూత మెత్తబడి ఉబ్బుతుంది. ఆ క్షణంలో మూలలు గుండ్రంగా అరగదీసిన రేకుతో, చెక్క చారల దిశలోనే నెమ్మదిగా తోయండి. రేకు పదునుగా ఉంటే చెక్కలోకి దిగబడుతుంది. తొందరపడి ఒకేచోట వేడి పెంచితే చెక్క మాడి నల్లమచ్చ పడుతుంది, ఆ మచ్చ లేత రంగు పూత కింద దాగదు. పొగ పీల్చకుండా ఆరుబయట, రెస్పిరేటర్ పెట్టుకుని చేయాలి. ఇక నైట్రోసెల్యులోజ్ లక్కర్‌కు వేడి చూపించనే కూడదు, అది తేలిగ్గా అంటుకునే పదార్థం. దానికి థిన్నర్‌లో తడిపిన గుడ్డ కొంతసేపు కప్పి ఉంచి, మెత్తబడ్డాక తుడిచేస్తే చాలు. మెథిలీన్ క్లోరైడ్ ఉన్న రంగు తొలగించే ద్రావకాలు మూసిన గదుల్లో ప్రాణాలు తీసిన సందర్భాలు ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకండి.

చెక్క బయటపడ్డాక సొట్టలను నింపే ముందు ఆవిరితో లేపడానికి ప్రయత్నించండి. సొట్ట మీద తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీపెట్టె మొనను కొన్ని క్షణాలు తాకిస్తే, నలిగిన చెక్క నార నీరు పీల్చి ఉబ్బి చాలావరకు పైకి వస్తుంది. నార తెగిన గాటుకు ఇది పనిచేయదు. తర్వాత 150తో మొదలుపెట్టి 220, 320 నంబర్ల వరకు చారల వెంటే రుద్దండి. అడ్డంగా రుద్దిన గీతలు పైకి కనబడకపోయినా స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) వేయగానే నల్లగా తేలతాయి. మధ్యలో ఒకసారి తడిగుడ్డతో తుడిచి, ఆరాక లేచిన నారను మళ్లీ తేలిగ్గా రుద్దితే తర్వాత నీటి స్టెయిన్ వేసినప్పుడు గరుకు రాదు. యాష్, మహాగనీ చెక్కలకు రంధ్రాలు పెద్దవి కాబట్టి వాటిని పూడ్చే గ్రెయిన్ ఫిల్లర్ అవసరం. ఆల్డర్, పాప్లర్, బాస్‌వుడ్‌లకు సాధారణంగా అవసరం ఉండదు. బాస్‌వుడ్ చాలా మెత్తన, గోరు గట్టిగా నొక్కినా గుర్తు పడుతుంది, జాగ్రత్తగా పట్టుకోండి.

స్ప్రే చేసే చోటు లేనివారికి ఇక్కడే ఒక సుఖమైన ముగింపు ఉంది. టంగ్ ఆయిల్‌నో, గుడ్డతో పూసే పాలియురెథేన్‌నో పలచగా పూసి, పావుగంటలోపు మిగులును తుడిచేసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చి, మళ్లీ పూస్తూ పోతే నాలుగైదు పూతల్లో చేతికి హాయిగా తగిలే మెత్తని మెరుపు వస్తుంది. దుమ్ము, కారిన చారలు, స్ప్రే పొగమంచు ఏవీ ఉండవు. కానీ ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. లిన్సీడ్, టంగ్ వంటి నూనెలు ఆరేటప్పుడు వేడి పుట్టిస్తాయి, ఆ వేడికి ముద్దగా ఉన్న గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. వాటిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరనివ్వండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

ప్రైమర్, రంగు, క్లియర్

ప్రైమర్, రంగు, క్లియర్ మూడూ ఒకే తయారీదారు ఒకే రకంగా చేసినవి కావడం ఉత్తమం. ఆరినట్టు కనిపించే ఎనామెల్ మీద లక్కర్ క్లియర్ వేస్తే రంగు ముడతలు పడుతుంది. ఇంటి పనుల్లో తరచూ జరిగే నష్టం ఇది. ఏ జోడీ అయినా ముందు ఒక చెక్కముక్క మీద అన్ని పొరలూ వేసి చూడండి. కింది పూత ఏమిటో సందేహం ఉంటే, మైనం తీసిన షెల్లాక్‌ను ఒక పొర వేస్తే అది రెండిటి మధ్య అడ్డుగోడగా పనిచేస్తుంది.

రంగు ఎంపికలో ఒక మాట. అద్దంలాంటి నలుపు ప్రతి చిన్న అలనూ, గీతనూ బయటపెడుతుంది. మొదటిసారి చేసేవారికి తెలుపు, మీగడ రంగు, లేత ఆకుపచ్చ, లేత నీలం వంటివి చాలా సహనం చూపుతాయి. మెటాలిక్ రంగు తేలికనిపిస్తుంది గానీ దాన్ని రుద్దితే లోహపు రేణువుల వరుస చెదిరి మచ్చగా కనబడుతుంది. కాబట్టి దానిలో చివరి పొరను ముట్టుకోకుండా నేరుగా క్లియర్ వేయాలి.

తేమ ఎక్కువగా ఉన్న రోజున లక్కర్ తెల్లగా మసకబారుతుంది, ఎందుకంటే ఆవిరవుతున్న థిన్నర్ ఉపరితలాన్ని చల్లబరచి గాలిలోని తేమను దాని మీదకు లాగుతుంది. పొడిగా, గాలి పెద్దగా వీయని, 20 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే వేళను ఎంచుకోండి. డబ్బాను కొన్ని నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే స్ప్రే సన్నగా పడుతుంది. మరిగే నీళ్లలో గానీ, పొయ్యి దగ్గర గానీ పెడితే డబ్బా పేలే ప్రమాదం ఉంది. తర్వాత రెండు నిమిషాలు బాగా ఊపండి.

డబ్బాను 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, బాడీ అంచు దాటిన చోట నొక్కడం మొదలుపెట్టి, అవతలి అంచు దాటాక వదలాలి. మణికట్టు తిప్పకుండా చేయి మొత్తం సమాంతరంగా కదలాలి, ప్రతి వరుస ముందు వరుసలో సగాన్ని కప్పాలి. మొదట పక్కలు, కొమ్ముల లోపలి వంపులు, ఆ తర్వాత వెనక, చివర ముందు భాగం. తొలి పొరను కింది రంగు ఇంకా కనిపించేంత పలచగా చల్లండి, తర్వాతివి తడి మెరుపు కనిపించేంత. ఒకే పొరతో కప్పేయాలనే ఆత్రమే రంగు కారడానికి కారణం. కారితే వెంటనే తుడవకండి. పూర్తిగా గట్టిపడ్డాక, పెచ్చులకు వాడిన ఆ టేపు బ్లేడుతోనే కోసి సరిచేయవచ్చు.

ప్రైమర్ రెండు మూడు పొరలు వేసి, ఆరాక దాని మీద వేరే ముదురు రంగును దూరం నుంచి చుక్కలు చుక్కలుగా, చాలా పలచగా చల్లండి. దిమ్మతో 400 నంబరు కాగితం పెట్టి రుద్దితే ఎత్తు చోట్ల ఆ చుక్కలు పోతాయి, పల్లాల్లో మిగులుతాయి. కంటికి కనబడని సొట్టలన్నీ అప్పుడు బయటపడతాయి. వాటిని పుట్టీతో సరిచేసి మరోసారి ప్రైమర్ వేయడానికి ఒక సాయంత్రం పోతుంది గానీ, పని మొత్తంలో దీనికి సాటి వచ్చే ఖర్చులేని మెరుగు మరొకటి లేదు. తర్వాత రంగు మూడు నాలుగు పొరలు, క్లియర్ ఆరు నుంచి పది పొరలు సరిపోతాయి. లక్కర్ డబ్బాలైతే పొరకూ పొరకూ గంట వ్యవధి ఇస్తూ రోజుకు మూడు పొరలు మించకుండా వేయండి. లక్కర్ కొత్త పొర పాతదానిలోకి కరిగి కలుస్తుంది. పాలియురెథేన్ అలా కలవదు, డబ్బా మీద చెప్పిన వ్యవధి దాటితే తేలిగ్గా రుద్దిన తర్వాతే తర్వాతి పొర వేయాలి.

ఆరనివ్వడం

ఇక్కడ చేయవలసింది ఏమీ లేదు, చాలామంది చెడగొట్టుకునేది కూడా ఇక్కడే. ముట్టుకుంటే అంటకపోవడం వేరు, లోపలి దాకా గట్టిపడటం వేరు. లక్కర్‌ను మూడు నాలుగు వారాలు, దుమ్ము లేని, గాలి ఆడే చోట, ఎండ తగలకుండా వేలాడదీయండి. ముక్కు దగ్గర పెట్టి చూడండి: థిన్నర్ వాసన వస్తున్నంతకాలం అది ఇంకా ఆరుతూ, కుంచించుకుపోతూ ఉన్నట్టే. తొందరపడి పాలిష్ చేసిన గిటార్ మీద నెల తర్వాత చెక్క చారలు, పాత గీతలు మెల్లగా పైకి తేలతాయి.

తడి రుద్దుడు, మెరుగు

నీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపి, వాటర్ పేపర్‌ను కొంతసేపు నానబెట్టండి. స్క్రూ రంధ్రాల్లోకి నీరు పోతే చెక్క ఉబ్బి పూత చుట్టూ బీటలిస్తుంది, కాబట్టి ముందే వాటిని మైనంతో మూయాలి. 1000తో మొదలుపెట్టి, దిమ్మతో, అంచులకు అర సెంటీమీటరు ఇవతలే ఆగుతూ రుద్దండి. మధ్యమధ్య తుడిచి ఏటవాలు వెలుతురులో చూస్తే మెరిసే చుక్కలు పల్లాలుగా కనబడతాయి. అవి పూర్తిగా పోయాకే 1500కు, ఆ తర్వాత 2000కు వెళ్లాలి. ముందు నంబరు గీతలు పోకుండా తర్వాతి నంబరుకు వెళితే, ఆ గీతలను ఏ కాంపౌండూ తీయలేదు. అంచులను మాత్రం చివర 2000తో రెండు మూడుసార్లు తేలిగ్గా తాకితే చాలు. రుద్దుతున్న నీళ్లలో రంగు కనిపించిందంటే క్లియర్ అయిపోయిందని అర్థం, వెంటనే ఆపండి.

మెరుగు చేత్తోనే పెట్టవచ్చు. మెత్తని నూలుగుడ్డ మీద సిలికాన్ లేని కార్ కాంపౌండ్ కొద్దిగా వేసుకుని, చిన్న భాగాన్ని తీసుకుని గట్టిగా, చివర తేలిగ్గా రుద్దాలి. డ్రిల్లుకు స్పాంజి దిండు తగిలిస్తే చేతులకు శ్రమ తగ్గుతుంది గానీ, తక్కువ వేగంలో, నిరంతరం కదిలిస్తూ వాడాలి. లక్కర్ వేడెక్కితే మెత్తబడి లేచిపోతుంది. అద్దం మెరుపు నచ్చనివారు 2000తోనే ఆపేసి, సన్నని ఉక్కు పీచుతో ఒకే దిశలో రుద్దితే అందమైన సాటిన్ వస్తుంది.

తిరిగి బిగించడం

కొత్త పూత ఉన్న బాడీలోకి స్క్రూను నేరుగా తిప్పితే రంధ్రం చుట్టూ పెచ్చు లేస్తుంది. కౌంటర్‌సింక్ మొనను చేత్తోనే రెండు మలుపులు తిప్పి, ప్రతి రంధ్రం అంచున పూతను కొద్దిగా ఏటవాలు చేయండి. లోహపు తొడుగుల రంధ్రాల్లోకి చేరిన రంగును గీకేసి, బ్రిడ్జి ఎర్త్ వైరు పెట్టాకే తొడుగును దించాలి. నెక్ గుంట టేపు తీసి, అంచున పేరుకున్న రంగు ఉంటే కత్తితో శుభ్రం చేయండి. నెక్ బిగుతుగా దిగాలి, అంతేగాని కొట్టి దించే పరిస్థితి రాకూడదు. అలా దించితే మూలల్లో పూత చిట్లుతుంది. స్క్రూలకు కాస్త మైనమో సబ్బో పూస్తే సాఫీగా దిగుతాయి. రంధ్రం అరిగి స్క్రూ పట్టకపోతే, చెక్క జిగురులో ముంచిన పుల్ల ముక్కలతో నింపి, ఆరాక మళ్లీ సన్నని రంధ్రం వేయండి.

గుంటలు ఖాళీగా ఉన్న ఈ సమయంలోనే లోపల రాగి టేపు అతికించి, అన్ని ముక్కలూ ఒకదానికొకటి, చివరికి ఎర్త్‌కు కలిసేలా చేస్తే సింగిల్ కాయిల్ పికప్‌ల రొద కొంత తగ్గుతుంది. టంకం పని ముగిశాక మల్టీమీటరుతో బ్రిడ్జికీ జాక్ బయటి చెవికీ మధ్య కనెక్షన్ ఉందో లేదో చూడండి. అది లేకుంటే తీగను ముట్టుకోగానే తగ్గవలసిన రొద తగ్గదు.

తీగలు వేసి, నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేసుకుని, 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా తేలిగ్గా తాకి పలికించే స్వరాన్నీ) నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చి, రెండూ ఒకటయ్యేలా బ్రిడ్జి మీద తీగలు ఆనే ముక్కలను, అంటే శాడిళ్లను జరపండి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే శాడిల్‌ను వెనక్కి, తక్కువ పలికితే ముందుకు. నైట్రోసెల్యులోజ్ వేసినవారు గిటార్‌ను మామూలు రబ్బరు లేదా నురుగు స్టాండు మీద పెట్టకండి. రబ్బరులోని పదార్థాలు పూతతో కలిసి దాన్ని మెత్తబరచి మచ్చ వేస్తాయి, స్టాండు చేతులకు నూలుగుడ్డ చుట్టి వాడండి.